వెతికితే దొరకని తెలుగు: వర్ణక్రమాలూ, కంప్యూటర్లూ

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొట్టమొదటి బహుమతి, 1955లో, ఈ పుస్తకానికే దక్కింది. ఇంత పేరున్న పుస్తకాన్ని అమెరికాలో కూర్చుని వెతకాలంటే చాలాచోట్ల దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టక తప్పదు. ఎలా కొట్టాలి? మొదటి ‘ఆ’కి ఒక్క ‘ఏ’ చాలనేవారున్నారు, రెండు ఉండాలనేవారున్నారు. ‘ధ్రు’లో ‘హెచ్’ పెట్టేవారూ, మానేవారూ ఉన్నారు. ‘సా’ దగ్గర మళ్ళీ దీర్ఘం పేచీ. దాని పక్క సున్నకి ‘ఎన్’ రాయచ్చు, ‘ఎమ్’ రాయచ్చు, ‘ఎన్’ పక్కన అపాస్ట్రఫీ తగిలించచ్చు. ‘ఘి’కి ఒత్తు రాయాలా అక్కర్లేదా? ‘చ’కి ‘సీ’ ఒక్కటే చాలా, ‘హెచ్’ కూడా కావాలా? ‘త్ర’లో ‘హెచ్’ ఉందా లేదా? రెండేసి దారులు ఆరు చోట్ల, మూడు దారులు ఒక చోట. హెచ్చవేసి చూడండి, 192 రకాలుగా రాయచ్చు. ఒక్క పుస్తకానికి, ఒక్క పేరుకి.

ఇందులో కనీసం మూడు రకాలు నిజంగా వాడుకలో ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారూ, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వారూ కలిసి వాడే పట్టికలో ‘చ’కి ‘సీ’ ఒక్కటే. ‘సీ’ పక్కన ‘హెచ్’ చేరిస్తే అది ‘ఛ’ అవుతుంది. సున్నకి తరవాతి అక్షరాన్ని బట్టి ‘ఎన్’ మీద చుక్కలు, గీతలు వస్తాయి. పబ్లిక్ లా 480 పుణ్యమా అని, మన దేశం గోధుమలకి చెల్లించిన రూపాయలతో కొన్న తెలుగు పుస్తకాలు 1962 నుంచి అమెరికా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకి చేరుతూ వచ్చాయి. వాటిని ఈ పట్టిక ప్రకారమే జాబితాలో ఎక్కించారు. రెండోది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తలపెట్టిన పది లక్షల పుస్తకాల యజ్ఞంలో అదొక భాగం. ఆ సైటు ఇప్పుడు లేదు, కాని పుస్తకాలు చాలామటుకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. అక్కడ తెలుగు పేర్లకి దీర్ఘాలన్నీ రెండేసి అచ్చులతోనూ, సున్న ‘ఎన్’ పక్క అపాస్ట్రఫీతోనూ కనిపిస్తుంది. పైగా పేర్లు ఎక్కించినవారి తొందరపాటు వల్ల అక్షరాలు ఎగిరిపోవడం, తారుమారవడం సర్వసాధారణం. మూడోది మనం, అంటే మామూలు జనం. మనకి ఏ పట్టికా లేదు. స్కూల్లో మేష్టారు హాజరు పట్టీలో రాసిన స్పెల్లింగే మనకి వేదం.

మనకి తెలుగు చదవడం వచ్చు కాబట్టి ఎలాగో తిప్పలు పడి పుస్తకాన్ని పట్టుకుంటాం. ఇక్కడ పుట్టిన పిల్లల సంగతి వేరు. వాళ్ళ ముత్తాత రాసిన పుస్తకమే కావచ్చు; వాళ్ళకి దాని దగ్గరికి పోవడానికి ఉన్న ఒకే ఒక గుమ్మం ఆ వెతుకులాట పెట్టె. అందులో ‘చరిత్ర’ అని ‘సీ హెచ్’తో కొట్టి, ఏమీ దొరక్కపోతే, ఆ పుస్తకం లేదనే అనుకుంటారు. ఇంకో 191 రకాలుగా కొట్టి చూడాలని వాళ్ళకి ఎవరు చెప్పాలి? అందుకని, ఒక మాటకున్న రకరకాల రాతల్ని ఒకచోటికి చేర్చే కంప్యూటర్ పద్ధతులు ఇంజనీర్ల గొడవ మాత్రమే కాదు. సాహిత్యం మీద మక్కువ ఉన్నవారు కూడా తీరిగ్గా కూర్చుని పరిశీలించి, మెచ్చుకోవలసింది మెచ్చుకుని, తిట్టవలసింది తిట్టవలసిన విషయం.

ఈ పద్ధతుల్లో అన్నిటికంటే పాతది అమెరికాలోనే పుట్టింది. రాబర్ట్ రసెల్, మార్గరెట్ ఓడెల్ అనే ఇద్దరి పేరు మీద చెప్పుకునే సౌండెక్స్‌కి 1918లోనూ, 1922లోనూ పేటెంట్లు వచ్చాయి. అప్పటికి కంప్యూటర్లు లేవు, కార్డులే. 1930లలో సోషల్ సెక్యూరిటీ వచ్చాక, పుట్టిన తేదీకి కాగితం లేని ముసలివాళ్ళ వయసు తేల్చడానికి పాత జనాభా లెక్కల్లో వాళ్ళ పేర్లు వెతకవలసి వచ్చింది. ఒకే ఇంటిపేరుని ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్కలా రాసి ఉన్నాడు. అందుకని జనాభా లెక్కల్ని ఈ పద్ధతిలో మళ్ళీ సర్దించారు. కిటుకు చాలా తేలిక. పేరులో మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. తక్కిన అచ్చుల్నీ, హెచ్, డబ్ల్యూ, వై లనీ పారెయ్యాలి. మిగిలిన హల్లుల్ని ఆరు బుట్టల్లో వేసి, ఏ బుట్టలో పడితే ఆ అంకె రాయాలి. మూడు అంకెలు రాగానే ఆపెయ్యాలి, చాలకపోతే సున్నలతో పూరించాలి. ఒకే సంకేతం వచ్చిన పేర్లన్నీ ఒకే గదిలోవి.

దీన్ని మన పేర్ల మీద ప్రయోగించి చూస్తే సరదాగానే ఉంటుంది. లక్ష్మి అనే పేరుని ‘కె ఎస్ హెచ్’తో రాసినా, ‘ఎక్స్’తో రాసినా, పల్లెటూరి లచ్మిలా ‘సీ హెచ్’తో రాసినా వచ్చే సంకేతం ఒక్కటే: ఎల్, 2, 5, 0. శభాష్ అనిపిస్తుంది. కాని ఆ గదిలోనే లోగన్ అనే తెల్లదొర కూడా కూర్చుని ఉంటాడు, ఎందుకంటే ఆయనదీ ఎల్, 2, 5, 0. పోనీ, లోగన్ వచ్చి పడితే పక్కకి తప్పించచ్చు. రావలసినవాడు రాకపోతేనే చిక్కు. కృష్ణయ్యకి కె, 6, 2, 5 వస్తే, అదే మనిషిని ఊళ్ళో పిలిచే కిష్టయ్యకి కె, 2, 3, 0 వస్తుంది. రసెల్ గారి లెక్కలో వీళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు.

అసలు పరీక్ష ఇంటిపేర్ల దగ్గర. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్‌లో దిగిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తీసుకోండి. ఆయన పేరు చివరి ‘రావు’ని అమెరికా శాస్త్ర పత్రికలు ‘ఆర్ ఓ డబ్ల్యూ’గా అచ్చువేశాయి. భాస్వరం కొలిచే ఫిస్కే–సుబ్బారో పద్ధతి 1925 నుంచి ఆ రాతతోనే స్థిరపడింది. ఇప్పటి మన పద్ధతిలో ‘ఆర్ ఏ ఓ’ అని రాసినా సౌండెక్స్‌కి తేడా రాదు, రెండూ ఎస్, 1, 6, 0. ఇంతవరకు బాగానే ఉంది. ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోతుంది. ఆయన ఇంటిపేరుని ఇంగ్లీషులో ‘వై’తో రాస్తారు, ఇదే ఇంటిపేరుని ‘ఇ’తో మొదలుపెట్టేవారు కూడా ఉండచ్చు. మొదటి అక్షరం ముట్టుకోకూడదన్న నియమం వల్ల ఈ రెండూ ఎప్పటికీ కలవవు. వెనకాల అంకెలు మూడూ, 4, 1, 6, అచ్చంగా ఒకటే అయినా సరే.

తెలుగులో కూడా ఎల్లాప్రగడ, యెల్లాప్రగడ, యల్లాప్రగడ అని మూడు రకాలుగా రాయచ్చు. మనలో ఎవరూ వీటిని చూసి ముగ్గురు మనుషులనుకోరు. మాట మొదట్లో ‘ఎ’ ఉంటే తెలుగు నోరు దాని ముందు సన్నగా ‘య’ చేరుస్తుంది, ‘ఒ’ ఉంటే ‘వ’ చేరుస్తుంది. ఎర్ర–యెర్ర, ఏనుగు–యేనుగు, ఒకటి–వొకటి. పలికినట్టు రాయాలని పట్టుబట్టిన రచయితలు ‘వొచ్చింది’ అని కూడా రాశారు. ఇది గుమాస్తా పొరపాటు కాదు, భాష స్వభావం. ఇంగ్లీషు ఇంటిపేర్లకి మొదటి అక్షరం గట్టి స్తంభం. మనకి కదిలేది అదే. జ్ఞానేశ్వర్ అనే కుర్రవాడు పాస్‌పోర్టులో ‘జె’తో ఉన్నాడా ‘జి’తో ఉన్నాడా అన్నది వాళ్ళ నాన్న ఆ రోజు తీసుకున్న నిర్ణయం. సౌండెక్స్‌కి మాత్రం ఇద్దరు వేరు వేరు కుర్రవాళ్ళు.

ఇదే చిక్కు మనకంటే ముందు వలస వచ్చినవారికి కూడా ఎదురైంది. తూర్పు యూరప్ యూదుల ఇంటిపేర్లు పోలిష్‌లో ఒకలా, రష్యన్‌లో ఒకలా, జర్మన్‌లో ఒకలా, అమెరికాలో దిగాక మరోలా ఉంటాయి. సౌండెక్స్‌తో విసిగిపోయిన రాండీ డైచ్, గ్యారీ మోకోటాఫ్ అనే ఇద్దరు వంశవృక్షాల పరిశోధకులు 1985లో తమ పేర్లకి తగ్గ పట్టిక తామే తయారుచేసుకున్నారు. అందులో మొదటి అక్షరం కూడా అంకెగానే మారుతుంది, మూడు అంకెలకి బదులు ఆరు ఉంటాయి, రెండు రకాలుగా పలికే అక్షరాలకి రెండు సంకేతాలూ ఇస్తారు. వాళ్ళు చేసింది బ్రహ్మవిద్య ఏమీ కాదు. తమ భాషల్లో ఏ ధ్వని దేనికి దగ్గరో తెలిసినవాళ్ళు కూర్చుని పట్టిక రాశారు, అంతే. మన సంఘాల్లో పదిమందిని నిలబెడితే అందులో ఆరుగురు కంప్యూటర్ పని చేసేవాళ్ళే. అయినా తెలుగు పేర్లకి అంత పేరుపడ్డ పట్టిక మన దగ్గర లేకపోవడం కొంచెం సిగ్గుపడవలసిన సంగతే.

ఇక రెండో పద్ధతి, కంప్యూటర్ వాళ్ళకి ఇష్టమైనది. 1965లో వ్లదీమిర్ లెవెన్‌స్టయిన్ అనే సోవియట్ గణితశాస్త్రవేత్త ఒక కొలత చెప్పాడు. ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి? ఆ లెక్కే రెంటి మధ్య దూరం. ఈ కొలత చాలా పనులకి పనికొచ్చింది, ఈ రోజుకీ వస్తోంది. కాని దీనికి అన్ని అక్షరాలూ సమానమే. సమానత్వం సంఘంలో బాగుంటుంది గాని అక్షరాల మధ్య కాదు. ‘కలం’ని ‘కాలం’ చెయ్యడానికి ఒక్క దీర్ఘం చాలు, దూరం 1. రాసుకునే కలానికీ, గడిచిపోయే కాలానికీ మధ్య ఒక్క అంగ! అదే ‘వచ్చుచున్నాడు’ అన్న గ్రాంథిక రూపాన్ని ‘వస్తున్నాడు’ చెయ్యడానికి, కంప్యూటర్ అక్షరాల్ని లెక్కపెట్టే తీరులో, దూరం 4. తెలుగు తెలిసిన ఎవరికైనా ఇవి ఒకే క్రియ, పైవి రెండు వేరు మాటలు. ‘ఎర్ర’ని ‘యెర్ర’ చెయ్యడానికి కూడా ఒకటి కాదు, రెండు మార్పులు కావాలి, ఎందుకంటే కంప్యూటర్ లోపల ‘యె’ అంటే ‘య’ ఒకటి, ఎత్వం ఒకటి.

అక్షరాల్ని మార్చడానికి ఇలా అన్నిటికీ ఒకే ధర కట్టకుండా, ఏ మార్పుకి ఆ ధర కట్టాలన్నది పాత ఆలోచనే. ఆ ధరల్ని జంటమాటల ఉదాహరణల నుంచి కంప్యూటర్ తనంతట తనే నేర్చుకునే దారిని 1998లో రిస్టాడ్, యనిలోస్ అనే ఇద్దరు చూపించారు. కాని తెలుగుకి ఒక్క ధరల పట్టిక చాలదన్నది నా అభిప్రాయం. తేడా ఎక్కడినుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ధర మారుతుంది.

దీర్ఘాన్నే చూడండి. తెలుగు లిపిలో రాసిన మాటలో దీర్ఘం తేడా చాలా ఖరీదైనది, కలం–కాలం లాగా. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ఆ తేడాకి విలువే లేదు, దీర్ఘాలు పట్టించుకుని రాసేవాళ్ళు నూటికి ఏ ఒక్కరో కాబట్టి. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం తెలుగు విద్యార్థులు తయారుచేసిన ఆర్.టి.ఎస్. పద్ధతి ఈ నష్టాన్ని చాలావరకు ఆపింది. అందులో చిన్న ‘టి’ అంటే త, పెద్ద ‘టి’ అంటే ట, ఏ అక్షరమూ పోదు. ఆ రోజుల్లో తెలుగు లిపి తెరమీద కనపడటమే గగనం. ఆ పద్ధతి మనకి చేసిన ఉపకారం తక్కువేమీ కాదు. కాని లైబ్రరీల వెతుకులాట పెట్టెలకి సాధారణంగా పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటే. ఆ గుమ్మం దాటేసరికి ‘కాటు’ ‘కాతు’ కలిసిపోతాయి.

స్కాన్ చేసిన పాత పుస్తకాన్ని కంప్యూటర్ చదివినప్పుడు వచ్చే తేడాలు మరో జాతివి. అక్కడ చెవికి సంబంధం లేదు, అంతా కంటి పొరపాటు. వ, ప, ష ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటుంది. ద పొట్టలో చుక్కో గీతో మాసిపోతే ధ, ద అయిపోతుంది. పలకడంలో ‘వ’కీ ‘ష’కీ ఆమడ దూరం, రూపంలో ఇరుగుపొరుగు. కాబట్టి స్కాన్ చేసిన పుస్తకానికి కట్టే ధరలు, పెద్దమ్మ చేత్తో రాసిన ఉత్తరానికి కట్టే ధరలు ఒకటి కాకూడదు. కంటికి అసలు కనపడని తేడాలు కూడా ఉన్నాయండోయ్. ‘బోస్టన్‌లో’ అన్న మాటలో ‘న్’కీ ‘లో’కీ మధ్య పొల్లు విడిగా నిలబడటానికి ఒక కనపడని అక్షరం పెడతారు. అది కొందరు పెడతారు, కొందరు పెట్టరు. దాన్ని వదిలెయ్యాలని ముందుగా చెప్పకపోతే కంప్యూటర్ రెండూ వేరు మాటలని వాదిస్తుంది.

కాలం తెచ్చిన తేడాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి, మనం పోగొట్టుకునేది అక్కడే ఎక్కువ. షికాగో విశ్వవిద్యాలయం వారు దక్షిణాసియా నిఘంటువుల్ని ఇంటర్నెట్‌లో పెట్టిన సంగతి చాలామందికి తెలుసు. అందులో 1852 నాటి సి.పి. బ్రౌన్ నిఘంటువుకి 1903లో వచ్చిన సవరించిన కూర్పు, 1991 నాటి గ్విన్ నిఘంటువు పక్కపక్కనే ఉన్నాయి. ఆంధ్రభారతి వారు శబ్దరత్నాకరం నుంచి సూర్యరాయాంధ్ర నిఘంటువు దాకా ఎన్నో నిఘంటువుల్ని ఒకే చోట వెతుక్కునే వీలు కల్పించారు. ఇంతటి సేవకి వాళ్ళకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కాని ఈ నిఘంటువుల మధ్య రాతలో వందేళ్ళ తేడా ఉంది. పాతవాటిలో అరసున్నలు, బండి ‘ఱ’లు ఉంటాయి. మన కీబోర్డులో అవి ఎక్కడున్నాయో మనలో చాలామందికి తెలీదు.

సరే, వెతికేటప్పుడు అరసున్నని లేనట్టే చూస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది, వెతకడానికి. కాని అది అలంకారం కోసం పెట్టిన చుక్క కాదు. ‘నాడు’ అంటే దేశం, పల్నాడులో ఉన్నది. ‘నాఁడు’ అంటే రోజు, ఆనాఁడులో ఉన్నది. ‘ఏడు’ అంకె, ‘ఏఁడు’ సంవత్సరం. మనం అరుగు మీద కూర్చుంటాం, తిన్నది అఱుగుతుంది. అరసున్న ఉన్నచోట ఒకప్పుడు నిండు అనునాసికం ఉండేదని భాషాశాస్త్రవేత్తలు చెప్తారు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ‘వాండ్లు’ అని వినపడే మాటలోని సున్న, ‘వాఁడు’లోని అరసున్న చుట్టాలే. పండితుడు పట్టుదలగా నిలబెట్టిన అరసున్న, చదువురాని రైతు నోటిలోని సున్న ఒకే చరిత్రకి రెండు సాక్ష్యాలు. ఒకదాన్ని చాదస్తమనీ, రెండోదాన్ని మోటనీ ఇన్నాళ్ళూ రెంటినీ తోసిపుచ్చాం. కంప్యూటర్ కూడా మన పాఠాన్నే నేర్చుకుంటే తప్పు దానిది కాదు.

స్కాట్లండువారి అనుభవం ఇక్కడ చెప్పుకోదగ్గది. స్కాట్స్ భాషకి అందరూ ఒప్పుకున్న వర్ణక్రమం ఏనాడూ కుదరలేదు. ఇంగ్లీషులో ‘వాట్’ అనే మాటని పాత స్కాట్స్ రాతల్లో ‘క్యూ యు హెచ్’తో మొదలుపెట్టేవారు. ఇంగ్లీషు కోసం చేసిన పద్ధతికి అది వేరే మాట. స్కాట్స్ తెలిసినవాడికి అది ఒకే ఒక నియమం, ఆ నియమం తెలిస్తే వందల మాటలు ఒక్కసారిగా కలిసిపోతాయి. మన ‘యె’, ‘వొ’ లాగా. ఇరవయ్యో శతాబ్దంలో ఏళ్ళ తరబడి సాగిన రెండు పెద్ద స్కాట్స్ నిఘంటువుల్ని 2004లో కలిపి ఇంటర్నెట్‌లో పెట్టారు. దానికంటే నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఒకప్పుడు స్కాట్స్ కవులు తమ మాటల్లో ఇంగ్లీషుకంటే ఒక అక్షరం తక్కువైన ప్రతిచోటా అపాస్ట్రఫీ పెట్టేవారు, అక్కడ ఏదో లోపం ఉన్నట్టు. దాన్ని క్షమాపణ అపాస్ట్రఫీ అంటారు. 1947లో కొందరు కవులు కూర్చుని రాసుకున్న నియమావళిలో దాన్ని మానెయ్యాలని తీర్మానించారు. మన కథల్లో ‘వచ్చిండు’ అన్న మాట చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టే అలవాటు గుర్తొస్తోందా?

అసలు పేచీ ఈ ‘వచ్చిండు’ దగ్గరే ఉంది. వచ్చాడు, వచ్చేడు, వచ్చినాడు, వచ్చిండు. ఇవి వర్ణక్రమ భేదాలా, మాండలిక భేదాలా? ‘చేశాడు–చేసాడు’, ‘వెళ్ళాడు–వెళ్లాడు’ అన్నవి రాతలో భేదాలు. నోట్లో పెద్ద తేడా లేదు. ‘వచ్చేడు–వచ్చిండు’ అన్నవి నోట్లోనే వేరు. వెతికేవాడికి అన్నీ దొరకాలి, నిజమే. కాని అన్నీ దొరకాలనడం వేరు, అన్నీ ఒకటేననడం వేరు. నేను చూసిన కంప్యూటర్ పద్ధతుల్లో ఎక్కువభాగం ఈ రెంటినీ ఒకే పనిగా చూస్తాయి. ముందు ఒక ‘సరైన’ రూపాన్ని నిర్ణయించి, తక్కినవాటినన్నిటినీ దానికింద తప్పులుగా సర్దుతాయి. ‘మీరు వెతుకుతున్నది ఇదా?’ అని వినయంగా అడిగే పెట్టె ఒకటి, అడక్కుండానే దిద్దేసే పెట్టె ఒకటి. ‘అర్ధం’ అని కొట్టినవాడికి ‘అర్థం’ కూడా చూపిస్తే ఉపకారం. పుస్తకంలో ఉన్న ‘అర్ధం’ని ‘అర్థం’గా మార్చి దాచుకుంటే సగం పోయి భావం మిగిలింది, భావం చెడింది.

పాకాల యశోదారెడ్డి గారి ‘మావూరి ముచ్చట్లు’ని గాని, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి ‘పచ్చనాకు సాక్షిగా’ని గాని ఇలాంటి దిద్దుబాటు యంత్రంలో వేసి తిప్పితే ఏం మిగులుతుంది? కథ మిగులుతుంది. ఆ కథ చెప్పిన మనిషి పోతుంది. ఈ రోజుల్లో కృత్రిమ మేధ పేరిట వచ్చిన పెద్ద పెద్ద భాషా నమూనాల దగ్గర ఈ భయం ఇంకా ఎక్కువ. అవి నేర్చుకునేది ఎక్కువగా దొరికే తెలుగునుంచి, అంటే పత్రికల తెలుగునుంచి. ఎక్కువమంది రాసినదే ఒప్పు అన్నది వాటి లెక్క. ఓట్లు లెక్కపెట్టి పద్దు తేల్చడానికి మాండలికాలు ఎన్నికల్లో నిలబడ్డాయా?

దీనికి విరుగుడు మన దగ్గరే, అరవై ఏళ్ళకి ముందే ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పుచ్చుకుని వెళ్ళిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా తిరిగే బృందాలతో సేకరింపజేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఒక పనిముట్టుకి ఎన్ని పేర్లు, ఒక పేరుకి ఎన్ని పలుకుబడులు, అవి ఏ ప్రాంతానివి అన్నది అందులో నమోదైంది. ఇది ఒప్పు, ఇది తప్పు అన్న తీర్పు లేదు. కంప్యూటర్ వాళ్ళకి కావలసిన జంటమాటల ఉదాహరణలు కూడా ఇలాంటి చోటే ఉన్నాయి. మన పాత నిఘంటుకారులు ఒక మాట కింద దాని రూపాంతరాల్ని ఓపికగా ఎక్కించి పెట్టారు. ధరల పట్టిక నేర్చుకోవడానికి యంత్రానికి ఇంతకంటే మంచి బడి ఇంకెక్కడ దొరుకుతుంది? వార్తాపత్రికల కుప్పలు పొయ్యడం మాని ఆ రూపాంతరాల్ని ఎక్కించడం మొదలుపెట్టాలి. మంచి పని ఎక్కడైనా చేస్తారు గాని, దీనికి పెద్ద ప్రయోగశాల కూడా అక్కర్లేదు. నిఘంటువు చదవగలిగిన పెద్దలు నలుగురు, ప్రోగ్రాం రాయగలిగిన పిల్లలు నలుగురు ఒక బల్ల చుట్టూ చేరితే చాలు.

మన సంఘాల సావనీర్లూ, వార్షిక సంచికలూ స్కాన్ చేసి పదిలపరచాలన్న మాట ఇప్పుడు చాలా ఊళ్ళలో వినపడుతోంది. ఆ పనికి పూనుకునేవారికి నాదొక విన్నపం. ప్రతి పుస్తకానికీ, ప్రతి రచయిత పేరుకీ రెండు గళ్ళు పెట్టండి. ఒక గడిలో అచ్చులో ఎలా ఉందో అలా, అరసున్నతో సహా, అచ్చుతప్పుతో సహా ఎక్కించండి. దాన్ని ఇక ఎవరూ ముట్టుకోకూడదు. రెండో గడి వెతుకులాట కోసం. అందులో దీర్ఘాలు తీసెయ్యండి, ఒత్తులు తీసెయ్యండి, ‘యె’ని ‘ఎ’ చెయ్యండి, ‘ఱ’ని ‘ర’ చెయ్యండి, లోగన్‌ని కూడా రానివ్వండి, ఫరవాలేదు. వచ్చినవాళ్ళని వరసలో నిలబెట్టడానికి ధరల పట్టిక ఉంది. కంప్యూటర్ అక్షరమాలలోకి ‘ౘ’, ‘ౙ’లు 2008లోనూ, పాత పుస్తకాల నకారపొల్లు 2021లోనూ వచ్చి చేరాయి. కాబట్టి ఆ అక్షరం కంప్యూటర్‌లో లేదు, అందుకని మార్చేశాం అన్న సాకు మొదటి గడి దగ్గర ఇక చెల్లదు. సుబ్బారావు గారి పేరు మొదటి గడిలో ‘ఆర్ ఓ డబ్ల్యూ’తోనే ఉండాలి. 1925 నాటి ఆ పత్రికలో అలాగే ఉంది.